తామర పేరు రాసి కలువ బొమ్మ వేస్తున్న పెద్దలకు బహిరంగ లేఖ

పాఠ్యపుస్తకాల సంపాదకులకు, గోడ చార్టులు అచ్చువేసేవారికి, జీకే గైడ్ల ప్రచురణకర్తలకు, పోటీ పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసు. మీరు ఎంత తక్కువ టైములో, ఎంత ఒత్తిడిలో పుస్తకం బయటికి తెస్తారో నాకు కొంత తెలుసు. ఆ కష్టం మీద గౌరవం ఉంది కాబట్టే, మన జాతీయ పుష్పం తామర అని రాసి పక్కన కలువ ఫోటో వేస్తున్నారని ముందు గుట్టుగా మీకే రాశాను. మూడు ఉత్తరాలు పెట్టాను, ఒకటి రిజిస్టర్ పోస్టులో. దానికి మాత్రం ‘మీ సూచన పరిశీలనలో ఉంది’ అని ఒక ముక్క జవాబు వచ్చింది. ఆ తర్వాత ఆ పుస్తకం రెండుసార్లు మళ్లీ అచ్చయింది, అదే పేజీ, అదే ఫోటో. ఎవరికి రాశానో వారికి తెలుసు, పేర్లు ఇక్కడ అనవసరం. పైగా ఈ తప్పు ఒక్కరిది కాదు. అందుకే ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. మండల స్థాయి క్విజ్‌లో తెర మీద ఒక పువ్వు ఫోటో వేశారు. నీళ్ల మీద తేలుతున్న తెల్లటి పువ్వు, పక్కనే గుండ్రటి ఆకులు. ‘ఈ పువ్వు ఏది?’ అని ప్రశ్న. తామర, కలువ, మల్లె, తంగేడు అని నాలుగు ఆప్షన్లు. మా ఏడో తరగతి పాప ‘కలువ’ అంది. తప్పన్నారు. జవాబు తామర, మన జాతీయ పుష్పం అన్నారు. ఆ పిల్ల కూర్చోకుండా, ‘సార్, ఆకు చీలి ఉంది చూడండి, తామరాకు చీలదు’ అంది. క్విజ్ నడిపే ఆయన మంచివాడే, కసరలేదు. ‘కీలో తామర అనే ఉందమ్మా, కూర్చో’ అన్నారు. ఒక్క మార్కుతో మా బడి వెనకబడింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆ పాప నన్నడిగింది: ‘టీచర్, ఈసారి పరీక్షలో వస్తే కరెక్టుది రాయనా, కీలో ఉన్నది రాయనా?’

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటుందని ఈ లేఖ.

1. బొమ్మ సంగతి. తామర వేరు, కలువ వేరు. ఇది పండితుల తగాదా కాదు, చెరువు గట్టున ఐదు నిమిషాలు నిలబడితే ఎవరికైనా తెలిసే తేడా. కలువాకు నీటి మీద పరుచుకుని ఉంటుంది, అంచు నుంచి కాడ దాకా ఒక చీలిక ఉంటుంది. తామరాకుకు చీలిక ఉండదు. కాడ సరిగ్గా ఆకు నడుమ అతుక్కుని, ముదిరాక నీటి పైకి లేచి గొడుగులా నిలబడుతుంది. కాడ నిండా గరుకు ముళ్లు. పువ్వు రేకులు రాలాక తామరకు నడుమ షవర్ మూతలాంటి దుద్దు మిగులుతుంది, దాని గుంటల్లో గింజలు ఉంటాయి. చెవికి పెట్టుకునే దుద్దుదీ ఇదే మాట. కలువకు అలాంటిదేమీ ఉండదు. మా ఊరి చెరువులో లారీ ట్యూబు మీద తేలుతూ పూలు కోసే పెద్దాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: ‘కలువ కాయ నీళ్లల్లోకి పోద్ది టీచరమ్మా, తామర కాయ పైనే నిలబడుద్ది.’ ఇంతకన్నా బాగా ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

శాస్త్రం లెక్కలో ఈ రెండూ దగ్గరి చుట్టాలు కూడా కావు. లిన్నేయస్ 1753లో తామరను కలువల ప్రజాతి నింఫియాలోనే వేశాడు. అంటే ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు, ఆయనా పడ్డాడు. తర్వాత దాన్ని విడదీసి నెలంబో న్యూసిఫెరా అన్నారు. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక ఇంకా వింత తేలింది. తామరకు బతికున్న బంధువుల్లో దగ్గరివి నీటి మొక్కలే కావు, నేల మీద పెరిగే ప్లేన్ చెట్లు, ప్రోటియా జాతి పొదలు. చూడ్డానికి కవల పిల్లల్లా ఉండే కలువ మాత్రం ఎక్కడో వేరే కొమ్మ.

తెలుగు భాష ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. సూర్యుణ్ని కమలబాంధవుడు అన్నాం, చంద్రుణ్ని కలువలరేడు అన్నాం. తామర పొద్దున విచ్చుకుంటుంది, తెల్ల కలువ, ఎర్ర కలువ రాత్రి విచ్చుకుంటాయి. (నీలి కలువ పగలే పూస్తుంది, కవులు దాన్నీ వెన్నెల్లోకి తోసేశారు, అది వేరే గొడవ.) పద్మం, కమలం, నళినం, అరవిందం, తమ్మి ఒక పక్క. కుముదం, కైరవం, ఉత్పలం, చెంగల్వ ఇంకో పక్క. పద్యాలు రాసినవాళ్లకు తెలిసింది ఫోటో ఎంచుకునేవాళ్లకు తెలియకపోవడానికి కారణం కూడా ఊహించగలను. ఇంగ్లిష్‌లో ‘లోటస్’ అనే మాట చాలా పూలకు వాడేస్తారు. ఈజిప్టు వాళ్ల ‘బ్లూ లోటస్’ నిజానికి నీలి కలువే. ఇంటర్నెట్‌లో ఆ మాట కొట్టి, వచ్చిన బొమ్మల్లో అందమైనది తీసి పేజీలో పెట్టేస్తే జరిగేది ఇదే.

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో మా స్టాఫ్‌రూమ్‌లో ఒక చార్టు ఉండేది. అప్పట్లో రాష్ట్ర పుష్పం కలువ, జాతీయ పుష్పం తామర. రెండు గళ్లలోనూ ఒకటే ఫోటో! ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు మల్లె వచ్చింది, తెలంగాణకు తంగేడు వచ్చింది, కలువకు ఉన్న గడి పోయింది. బొమ్మ మాత్రం పక్క గడిలో అలాగే ఉండిపోయింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ క్విజ్‌లో వేసిన తెల్ల కలువ బంగ్లాదేశ్ జాతీయ పుష్పం. వాళ్లు షాప్లా అంటారు, ఆ దేశ చిహ్నంలోనే ఉంటుంది. నీలి కలువ శ్రీలంకది. మన పిల్లలకు మన జాతీయ పుష్పం అని చూపిస్తున్నది పొరుగు దేశాల పువ్వును. జెండా విషయంలో ఇలా జరిగితే ఊరుకుంటామా?

2. తేదీ సంగతి. చాలా గైడ్లలో ‘తామరను 1950 జనవరి 26న జాతీయ పుష్పంగా ప్రకటించారు’ అని ఉంటుంది. జాతీయ జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. జాతీయ గీతం 1950 జనవరి 24న. జనవరి 26 సారనాథ్ సింహాల చిహ్నానిది. తామరకు ఆ తేదీ ఎవరు అంటించారో గానీ, ఒక గైడు నుంచి ఇంకో గైడుకు పాకుతూనే ఉంది. 2019 జులైలో రాజ్యసభలో ఇదే ప్రశ్న వచ్చింది. పులినీ నెమలినీ నోటిఫై చేశారు గానీ జాతీయ పుష్పం గురించి అలాంటి నోటిఫికేషన్ ఏదీ ఇవ్వలేదని హోంశాఖ జవాబు చెప్పింది. ప్రభుత్వ వెబ్‌సైట్లలో మాత్రం శాస్త్రీయ నామంతో సహా తామరనే జాతీయ పుష్పంగా చూపిస్తారు. అంటే వాడుకలో ఉంది, గెజిట్‌లో లేదు. ఈ మాట ఉన్నదున్నట్టు రాస్తే పిల్లలకు అర్థం కాదనుకోవడం తప్పు. మా ఎనిమిదో తరగతి వాళ్లకు చెప్తే, ‘మరి తంగేడుకి జీవో ఉంది కదా టీచర్, తామరకు ఎందుకు లేదు?’ అని ఎదురడిగారు. ఇలాంటి ప్రశ్న పుట్టించని పాఠం ఎందుకు?

ఇదే చోట పుస్తకాల్లో రావాల్సిన ముచ్చట ఒకటుంది. సారనాథ్‌లోని అశోక స్తంభం శిఖరం చూసినవాళ్లకు తెలుస్తుంది. నాలుగు సింహాల కింద ఒక పలక, ఆ పలక కింద బోర్లించిన తామర, గంట ఆకారంలో. మనం 1950లో చిహ్నంగా తీసుకున్నప్పుడు సింహాలూ ధర్మచక్రం ఉన్న పలకా తీసుకుని, అడుగున ఉన్న తామరను వదిలేశారు. అధికారికంగా జాతీయ చిహ్నంలో కూర్చునే ఒక్క అవకాశం తామరకు అలా తప్పిపోయింది. ఈ సంగతి చెప్పిన రోజు క్లాసులో నలుగురైదుగురు పిల్లలు జేబుల్లోంచి రూపాయి బిళ్లలు తీసి సింహాల కింద వెతికారు.

3. అర్థం సంగతి. మీ పుస్తకాల్లో దీనికి దొరికేది ఒకటే వాక్యం: ‘తామర పవిత్రతకు చిహ్నం.’ అంతే. ఎందుకు పవిత్రత, ఎవరికి పవిత్రత అని ఎక్కడా ఉండదు. బురదలో పుట్టింది కాబట్టి పంకజం. నీళ్లలో ఉండీ తడవదు కాబట్టి వైరాగ్యానికి పోలిక, తామరాకు మీద నీటిబొట్టు అని ఇవాళ్టికీ అంటాం. పిల్లల్ని చెరువు దగ్గరికి తీసుకెళ్లి తామరాకు మీద దోసెడు నీళ్లు పోయించండి. పాదరసంలా ముత్యాలై దొర్లుతాయి, దొర్లుతూ ఆకు మీది దుమ్మునంతా ఎత్తుకుపోతాయి. ఆకు పైన కంటికి కనపడని సన్నటి బొడిపెలు, వాటి మీద మైనం. 1990లలో జర్మన్ వృక్ష శాస్త్రవేత్త బార్త్‌లాట్ దీన్ని వివరించాక ‘లోటస్ ఎఫెక్ట్’ అనే పేరు స్థిరపడింది, మరకలంటని పెయింట్లు ఆ సూత్రం మీదే వచ్చాయి. మన సామెతకూ ఆ పెయింట్‌కూ మూలం ఒకటే ఆకు అని రాయడానికి ఎన్ని లైన్లు పడుతుంది?

కాడ విరిచి చూపించండి. లోపల పిల్లనగ్రోవి గొట్టాల్లా రంధ్రాలు, బురదలో ఉన్న దుంపకు గాలి వాటిలోంచే అందుతుంది. విరిచిన రెండు ముక్కల మధ్య సాలెపట్టు లాంటి దారం సాగుతుంది. మణిపూర్‌లో లోక్‌తక్ సరస్సు దగ్గర ఆ దారంతోనే బట్ట నేస్తున్నారు. ఇక పువ్వు తనంతట తాను వెచ్చగా ఉంటుంది. బయట 10 డిగ్రీలున్నా లోపల 30 డిగ్రీలు దాటి నిలబెట్టుకుంటుందని ఆస్ట్రేలియాలో కొలిచి 1996లో ప్రకటించారు. గింజ మరీ మొండిది. చైనాలో ఎండిపోయిన ఒక సరస్సు అడుగున దొరికిన సుమారు 1,300 ఏళ్ల గింజ మొలకెత్తింది. ఇవన్నీ తెలిసిన పిల్లకు ‘పవిత్రత’ అన్న మాట నోటికి బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇంకొకటి. తామర ఏ ఒక్క మతానిదో కాదు. లక్ష్మీ సరస్వతులకు ఆసనం, విష్ణువు పద్మనాభుడు. జైనుల ఆరో తీర్థంకరుడు పద్మప్రభుడి గుర్తు ఎర్ర తామర. అమరావతి స్తూపం చుట్టూ రాతి కంచె స్తంభాల మీద బౌద్ధ శిల్పులు ఒక్కో రేకూ లెక్కపెట్టి చెక్కిన విప్పారిన పద్మాలు ఉన్నాయి. అందులో చాలా భాగం చెన్నై మ్యూజియంలో, లండన్‌లో ఉంది. కృష్ణా తీరం వాళ్లం అయ్యుండి, మన పుస్తకంలో ఒక్క ఫోటో లేదు. స్వతంత్ర భారతం కూడా దీన్ని వాడుకుంది. 1954లో మొదలైన పద్మ పురస్కారాల పతకం మీద ఉన్నది తామరే. 1968 నుంచి కొన్నేళ్లు వచ్చిన ఇరవై పైసల పసుపు బిళ్ల మీదా తామరే, మా అమ్మ పోపుల డబ్బాలో ఇప్పటికీ రెండున్నాయి. తామర ఒక పార్టీకి ఎన్నికల గుర్తు కూడా కాబట్టి జోలికి పోకపోతే మంచిదని మీలో ఒకరు ఫోన్‌లో అన్నారు. గుర్తు గొడవ కోర్టులూ ఎన్నికల సంఘమూ చూసుకుంటాయి. ఆ భయంతో వృక్షశాస్త్రాన్ని కుదించడం మాత్రం నాకు సమ్మతం కాదు.

4. నష్టం ఎవరికి? ‘ఒక ఫోటో మారితే ఏం కొంపలంటుకున్నాయి టీచర్’ అని మీరు అనుకోవచ్చు. నాకు కనపడే నష్టాలు ఇవి.

మొదటిది పిల్లలకు. సరిగ్గా చూసిన పిల్ల ఓడిపోయింది, చూడకుండా బట్టీ కొట్టినవాడు గెలిచాడు. గ్రూప్స్‌కూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివేవాళ్లకు అర మార్కు దగ్గరే ర్యాంకులు తారుమారవుతాయి. అలాంటి వాళ్లకు ఒక గైడులో ఒక తేదీ, ఇంకో గైడులో ఇంకో తేదీ. ఏది నమ్మాలో తెలియక వాళ్లు పడే టెన్షన్ మీరు ఒకసారి ఏ కోచింగ్ సెంటర్ బయటైనా నిలబడి వింటే తెలుస్తుంది.

రెండోది చెరువులకు, వాటి మీద బతికేవాళ్లకు. చెరువు బాగుచేసేటప్పుడు గుర్రపుడెక్కతో పాటు తామర దుంపల్నీ జేసీబీతో పెకిలించి గట్టున పోస్తుంటే నేను చూశాను. ఆ పని చేయిస్తున్న కుర్రాడు బాగా చదువుకున్నవాడు. ‘అదీ కలుపే కదా మేడమ్’ అన్నాడు. అతణ్ని తప్పుపట్టలేకపోయాను. జాతీయ పుష్పం ఆకు ఎలా ఉంటుందో అతనికి ఏ తరగతిలోనూ ఎవరూ చూపించలేదు. ఆ ఏడు వరలక్ష్మీ వ్రతానికి ట్యూబు మీద పూలు కోసే పెద్దాయన చెరువులో దిగలేదు. కోయడానికి ఏముంది? పూజకు పువ్వు దొరక్క జనం బజారులో రెండింతలు పెట్టి కొన్నారు. తామరాకుల కట్టలు అమ్ముకునే ఇద్దరు ఆడవాళ్లు కూలికి మారారు.

మూడోది కాస్త దూరపు నష్టం. మన షాపుల్లో ఫూల్ మఖానాను ‘తామర గింజలు’ అని అమ్ముతారు, కొన్ని పుస్తకాల్లోనూ అలాగే ఉంది. మఖానా తామర గింజ కాదు. అది యూరియేల్ ఫెరాక్స్ అనే ఇంకో ముళ్ల మొక్క గింజ. కలువ కుటుంబానిదే. బిహార్ మిథిలా ప్రాంతంలో నీళ్లలో దిగి, అడుగునున్న గింజల్ని బురదలోంచి ఏరి, వేయించి పేల్చి తయారుచేస్తారు. మిథిలా మఖానాకు 2022లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే భౌగోళిక సూచిక) కూడా వచ్చింది. వాళ్ల రెక్కల కష్టాన్ని మనం వేరే పువ్వు ఖాతాలో వేస్తున్నాం.

5. కాబట్టి మేం అడిగేవి ఇవి. ‘మేం’ అంటే నేనూ, ఈ లేఖ చదివి సంతకం పెట్టిన మా మండలం సైన్స్ టీచర్లూ.

అ) వచ్చే విద్యాసంవత్సరం పుస్తకాలు, చార్టులు ప్రింట్‌కు వెళ్లే ముందు జాతీయ పుష్పం బొమ్మను వృక్షశాస్త్రం చదివిన ఒక్కరి చేతైనా చూపించండి. పువ్వుతో పాటు ఆకు, కాడ, దుద్దు కూడా కనపడాలి. పక్కనే కలువ బొమ్మ కూడా వేస్తే పిల్లలే తేడా పట్టుకుంటారు.

ఆ) ఇప్పటికే బడులకు చేరిన పుస్తకాలకు ఒక సవరణ పత్రం పంపండి. అర పేజీ చాలు.

ఇ) ‘1950లో ప్రకటించారు’ అన్న వాక్యం తీసేయండి. నోటిఫికేషన్ లేదని, వాడుకలో ఉందని రాయండి. అది తేలేదాకా తేదీ మీద ప్రశ్న ఇవ్వకండి.

ఈ) ప్రశ్నపత్రంలో ఫోటో తప్పు అని తేలితే, అభ్యంతరం చెప్పిన విద్యార్థికి మార్కు ఇవ్వాలి. ‘కీలో అలాగే ఉంది’ అనేది జవాబు కాదు. ఈ ఒక్క డిమాండు దగ్గర మాత్రం మేం తగ్గం.

ఉ) చెరువు పనులు చూసే అధికారులకూ ఒక విన్నపం. యంత్రం దించేముందు ఊళ్లో పూలు కోసేవాళ్లను పిలిచి అడగండి, ఏది గుర్రపుడెక్క, ఏది తామర అని. ఒక మూల దుంపలు వదిలేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. తామరతంపర అన్నమాట ఊరికే రాలేదు.

ఈ లేఖ చేరిన ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఈసారి ‘పరిశీలనలో ఉంది’ అని కాకుండా, ఏ పేజీ మారుస్తారో, ఎప్పటికి మారుస్తారో రాయండి. రాకపోతే తప్పున్న ప్రతి పేజీ నకలూ, పక్కన సరైన బొమ్మా పెట్టి, తల్లిదండ్రుల సమావేశాల్లో పంచుతాం.

ఫోటోలకు ఖర్చవుతుందన్న మాట రాకూడదని, మా పిల్లలు నిరుడు పక్క ఊరి చెరువులో తీసిన పద్నాలుగు ఫోటోలు ఈ లేఖతో పాటు పంపుతున్నాం. మొగ్గ, పువ్వు, ఆకు కింది వైపు, ముళ్ల కాడ, పచ్చి దుద్దు, ఎండిన దుద్దు అన్నీ ఉన్నాయి. ఉచితంగా వాడుకోవచ్చు. ఆరో ఫోటోలో ఆకు అంచు పట్టుకున్న చెయ్యి క్విజ్‌లో ఓడిపోయిన పాపది. చీలిక లేదని చూపించడానికి వేలు పెట్టింది. ఆ వేలిని కత్తిరించకుండా అచ్చువేయమని తన కోరిక.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు